గుండె ఆపరేషన్ ఉచితం, మరి బీపీ మాత్ర ఎవరి ఖర్చు?

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గుండెజబ్బు అంటే డబ్బున్నవాళ్ల జబ్బనీ, మగవాళ్ల జబ్బనీ మనలో చాలామందిమి ఇప్పటికీ అనుకుంటాం. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాదిపాటు సంభవించిన మరణాలకు కారణాలేమిటో ఇంట్లోవాళ్లను అడిగి నమోదు చేశారు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల జరిగినవే. అంటువ్యాధుల వాటా 12 శాతం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్లు దాటిన స్త్రీలలో 21 శాతం మందికి, పురుషులలో 24 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. కాబట్టి ఇది పల్లె సమస్య, మన సమస్య కూడా.

ఇక డబ్బు సంగతి చూద్దాం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. అప్పు చేస్తే తప్ప గుండె ఆపరేషన్ చేయించుకోలేని కుటుంబాలకు అది నిజంగా అండ అయింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక చేసే వైద్యానికి. గుండె ఆ స్థితికి రాకుండా కాపాడేది రోజూ వేసుకునే చవకైన బీపీ మాత్ర. అది సర్కారు దవాఖానాలో దొరకని నెల కుటుంబమే కొనుక్కోవాలి.

అప్పుడు ఇంట్లో ఎవరి మాత్ర ఆగిపోతుంది? బీపీకి చాలామందిలో నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. పిల్లల ఫీజు, మగవాళ్ల మందు, అప్పు వడ్డీ అయ్యాక మిగిలితేనే ఆమె మాత్ర. దాని కోసం ఆరోగ్య కేంద్రానికి వెళ్తే ఒక రోజు కూలి పోతుంది, పైగా బస్సు చార్జీ. ఈ ఖర్చు ఏ బడ్జెట్‌లోనూ కనపడదు. రేపు ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వస్తే పని మానుకుని ఏళ్ల తరబడి సేవ చేసేది కూడా ఎక్కువగా ఆడవాళ్లే. ఆ శ్రమకు ఎవరూ వెల కట్టరు. నివారణకు పెట్టని డబ్బు మిగిలిపోవడం లేదు. ఆ భారం ఆడవాళ్ల మీదకు మారుతోంది, అంతే.

ఉప్పు తగ్గించండి, నడవండి అని డాక్టర్లు చెబుతారు. రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మంచి మాటే. కానీ కూర కొనలేని ఇంట్లో అన్నంలోకి పచ్చడే దిక్కు. సలహాతో పాటు కూరగాయలు కూడా అందుబాటులోకి రావాలి.

ధరలు తలరాత కాదు. మందు పూసిన స్టెంట్లను చాలా ఆసుపత్రుల్లో లక్ష రూపాయలకు పైనే అమ్మేవారు. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం వాటి గరిష్ఠ ధరను 29,600 రూపాయలుగా నిర్ణయించింది. తలచుకుంటే ప్రభుత్వం ఏం చేయగలదో దీన్నిబట్టి తెలుస్తుంది.

చట్టం కూడా మన వైపు ఉంది. అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కును ఉల్లంఘించడమేననీ, డబ్బు లేదన్న సాకు చెల్లదనీ 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు హక్కు ఉన్నప్పుడు, ప్రాణం మీదికి రాకుండా చూసుకునే హక్కు ఎందుకు ఉండకూడదు?

2017 నుంచి 30 ఏళ్లు దాటిన వారందరికీ బీపీ, షుగర్ పరీక్షలు చేసే కార్యక్రమం ఉంది. అది మీ ఊళ్లో ఎలా నడుస్తోందో చూడండి. గత ఆరు నెలల్లో బీపీ మాత్రలు ఎన్ని రోజులు లేవో సమాచార హక్కు చట్టం కింద ఆరోగ్య కేంద్రాన్ని అడగండి. ఒకేసారి కనీసం నెలకు సరిపడా మాత్రలు ఇవ్వాలనీ, వాటిని ఊళ్లోనే ఇవ్వాలనీ, కూలి వేళలు అయ్యాక కూడా పరీక్షలు చేయాలనీ గ్రామసభలో తీర్మానం చేయించండి. ఆ పనంతా జీతం పెంచకుండా ఆశా కార్యకర్తల నెత్తిన రుద్దవద్దని కూడా అందులో రాయించండి. వాళ్లూ మన అక్కచెల్లెళ్లే.

ముందు మన సంఘాల సమావేశాల్లోనే బీపీ చూపించుకోవడం మొదలుపెడదాం.