గాలి నడిచే త్రోవ

ఏటేటా జూన్ నెలలో మృగశిర కార్తె ప్రవేశించే వేళకు ఉబ్బసపు రోగులు వేల సంఖ్యలో హైదరాబాదు చేరుకొంటారు. బత్తిని వంశీయులు పంచిపెట్టే చేపమందు కొరకు వారు వస్తారు. బ్రతికి ఉన్న చిన్న కొర్రమీను నోటిలో పసుపురంగు ముద్దను ఉంచి రోగిచేత మింగిస్తారు. శాకాహారులకు ముద్దను బెల్లముతో ఇస్తారు. పూర్వము పాతబస్తీలోని దూద్‌బౌలిలో జరుగుతూ వచ్చిన ఈ పంపిణీ తరువాత వేరువేరు చోట్లకు మారినది. 2012లో మైలార్‌దేవ్‌పల్లి ప్రక్కనున్న కాటేదాన్ క్రీడాప్రాంగణములో జరిగినది. పసిబిడ్డలను ఎత్తుకొన్న తల్లులు, పదడుగులకొకసారి నిలబడి రొప్పే వృద్ధులు దూరప్రాంతములనుండి వచ్చి, గంటల తరబడి వరుసలలో నిలబడతారు. ఊపిరి విలువ ఎంతటిదో తెలుసుకొనడానికి ఆ వరుసలు చాలును.

ఆ మందును గురించి వాదములు చాలా జరిగినవి. ఆ వాదములలోనికి దిగేముందు, ఊపిరి మన దేహములో ఏ త్రోవన నడుస్తుందో, ఆ త్రోవ దేనితో కట్టబడినదో తెలుసుకొనడము మేలు. త్రోవ తెలిసినవానికి అడ్డు ఎక్కడ పడినదో కూడా తెలుస్తుంది.

మన దేహములోని ప్రతి కణము ఆహారమును ప్రాణవాయువుతో కలిపి శక్తిని పుట్టించుకొంటుంది. ఆ పనిలో బొగ్గుపులుసు వాయువు మిగులుతుంది. మొదటిదానిని తెచ్చి ఇవ్వడము, రెండవదానిని తీసుకొనిపోవడము శ్వాసావయవముల పని. మనము పీల్చే గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు ఉంటుంది. విడిచే గాలిలో సుమారు 16 పాళ్లే మిగులుతుంది. పీల్చే గాలిలో లెక్కకు రానంత స్వల్పముగా ఉండే బొగ్గుపులుసు వాయువు, విడిచే గాలిలో నూటికి 4 పాళ్లకు పెరుగుతుంది.

మీ కంఠమణికి క్రిందుగా వ్రేలితో మెల్లగా తడిమి చూడండి. గట్టిగా, గాట్లు గాట్లుగా ఒక గొట్టము తగులుతుంది. అది వాయునాళము. దానికి 16 మొదలు 20 వరకు మృదులాస్థితో చేసిన వలయములు ఉన్నవి. లోనికి గాలి పీల్చినప్పుడు గొట్టము చప్పిడి పడిపోకుండా అవి నిలుపుతాయి. అయితే అవి పూర్తి వలయములు కావు. గుఱ్ఱపు నాడావలె వెనుకవైపు తెరచి ఉంటాయి. ఆ వెనుకనే అన్నవాహిక ఉన్నది. పెద్ద ముద్ద మింగినప్పుడు దానికి చోటు ఇచ్చేది ఆ మెత్తని వెనుక గోడయే. ముందు గట్టితనము గాలి కొరకు, వెనుక మెత్తదనము అన్నము కొరకు.

ఈ గొట్టము లోపలి పొరలో రెండు రకముల కణములు ప్రక్కప్రక్కన ఉంటాయి. ఒక రకము జిగురైన శ్లేష్మమును స్రవిస్తుంది. గాలితో వచ్చిన దుమ్ము, సూక్ష్మజీవులు దానికి అంటుకొంటాయి. రెండవ రకమునకు కంటికి కనపడని సన్నని నూగు ఉంటుంది. దానిని శైలికలు అంటారు. ఇవి సెకనుకు పది పదిహేను సార్లు పైకి కొట్టుకొంటూ, ఆ శ్లేష్మమును కంఠమువైపు నెట్టుతాయి. మనకు తెలియకుండానే దానిని మింగివేస్తాము. రాత్రింబగళ్లు ఆగని ఈ ఊడ్పును పొగాకు పొగ కుంటుపరుస్తుంది. చుట్ట, సిగరెట్టు కాల్చేవారికి తెల్లవారగానే వచ్చే దగ్గు, ఊడ్వని ఇంటిలో పేరుకొన్న చెత్తను దేహము బలవంతముగా బయటికి నెట్టే ప్రయత్నము.

వాయునాళము రెండుగా చీలి, ఆ పిమ్మట చెట్టు కొమ్మలవలె సుమారు 23 మార్లు చీలుతుంది. ఒక మిల్లీమీటరు కంటె సన్నబడిన చోట మృదులాస్థి ఉండదు. గోడచుట్టూ నునుపు కండరములు మాత్రము ఉంటాయి. అవి మన ఇచ్ఛకు లోబడేవి కావు. ఉబ్బసము ముఖ్యముగా ఈ సన్నని నాళములను పట్టుకొంటుంది. కండరము బిగుసుకొంటుంది, లోపలి పొర వాస్తుంది, శ్లేష్మము చిక్కబడుతుంది. నాళము వెడల్పు సగానికి తగ్గితే, గాలి నడకకు కలిగే అడ్డు రెండింతలు కాదు, పదునారింతలు అవుతుంది. ఊపిరి తీసేటప్పుడు ఊపిరితిత్తి సాగి నాళములను కొంత తెరిపిస్తుంది. విడిచేటప్పుడు అవి మరింత ముడుచుకొంటాయి. అందుచేతనే ఉబ్బసపు పిల్లి కూతలు గాలి విడిచేటప్పుడు ఎక్కువగా వినిపిస్తాయి.

ఈ కొమ్మల కొసలలో ద్రాక్షగుత్తులవలె వాయుకోశములు ఉన్నవి. ఐదింటిని వరుసగా పేర్చితే ఒక మిల్లీమీటరు అవుతుంది. అటువంటివి రెండు ఊపిరితిత్తులలో 30 మొదలు 50 కోట్ల వరకు ఉంటాయి. వాటిని విప్పి పరచితే సుమారు 70 చదరపు మీటర్లు, అనగా ఒక చిన్న ఇంటి నేలంత అవుతుంది. కోశపు గోడ పలుచని కణముల ఒంటి వరుస. దానిని ఆనుకొన్న రక్తకేశనాళిక గోడ కూడా అంతే. రెండూ కలిసి మన తల వెంట్రుక మందములో నూరవ వంతుకు మించవు. ప్రాణవాయువు ఒత్తిడి కోశములో సుమారు 100 పాళ్లు, చేరవచ్చిన రక్తములో 40 పాళ్లు. హెచ్చునుండి తగ్గువైపు వాయువు తనంతట తానే ప్రసరిస్తుంది. దానికి వేరే యంత్రము అక్కరలేదు. ఎఱ్ఱ కణము ఆ గోడ ప్రక్కగా పోవడానికి ముప్పావు సెకను పడుతుంది. అందులో మూడవ వంతు కాలములోనే మార్పిడి ముగుస్తుంది. ఈ మిగులే పరుగెత్తేవానికి, మెట్లెక్కేవానికి అక్కరకు వచ్చే నిలువ ధనము.

కోశముల గోడలో మరొక రకపు కణములున్నవి. తడిసిన పలుచని కాగితములు ఒకదానికొకటి అంటుకొన్నట్లు కోశములు మూసుకొనిపోకుండా, నీటిపొర బిగువును తగ్గించే ద్రవమును అవి స్రవిస్తాయి. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఇది చాలినంత ఉండకపోవడము చేతనే ఊపిరి కష్టమవుతుంది. కోశముల నడుమ సాగే నారలు కూడా ఉన్నవి. ఉదరవితానము దిగినప్పుడు అవి సాగి, సడలినప్పుడు ముడుచుకొని, గాలిని బయటికి పంపుతాయి. ఏండ్ల తరబడి పొగ పీల్చినవారిలో ఈ నారలు తెగిపోతాయి. తెగినవి మరల అతకవు.

దుమ్ము సంగతి చెప్పవలసి ఉన్నది. శైలికలు సన్నని నాళములతోనే ఆగిపోతాయి, కోశములలో లేవు. 2.5 మైక్రాన్ల కంటె చిన్న రేణువులు అక్కడిదాకా పోగలవు. అక్కడ కావలి కాచే భక్షక కణములు వాటిని మింగుతాయి. కాని ఇసుక, రాతి దుమ్ములోని సిలికాను మింగిన భక్షక కణము తానే చచ్చిపోతుంది. ఆ చోట మచ్చ కట్టి, వెంట్రుకలో నూరవ వంతు గోడ మందమెక్కుతుంది. మొదట ఏమీ తెలియదు. మెట్లెక్కితేనే ఆయాసము వస్తుంది. నిలువ ధనము కరిగిపోతున్నదని దాని అర్థము. కాటేదాన్ పారిశ్రామిక వాడలో ఇసుక అచ్చులతో పనిచేసే పోత కార్ఖానాలున్నవి, ప్లాస్టిక్కు కరగించేవి ఉన్నవి. అక్కడి మట్టిలో సీసము, క్రోమియము మొదలైన భారలోహములు ఉన్నట్లు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిన పరిశోధన తెలుపుతున్నది. నేలమీది మట్టి ఎండలకు దుమ్మై లేస్తుంది. ఊపిరి కొరకు జనము బారులు తీరిన ఊరిలోనే ఊపిరికి ఇటువంటి పరీక్ష ఉన్నది.

ఇక కొర్రమీను మాట. అది చేపయే అయినా, మొప్పలతో మాత్రమే బ్రతకలేదు. మొప్పలకు పైన దానికి ఒక గది ఉన్నది. దాని గోడ ముడతలు పడి, పలుచగా, తడిగా, రక్తముతో నిండి ఉంటుంది. అది నీటిపైకి వచ్చి గాలి మింగకపోతే నీటిలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. బజారులో తట్టలో కొంచెము నీటితో చాలసేపు బ్రతికి ఉండడానికి కారణమదే. పలుచదనము, తడి, వైశాల్యము, రక్తము: ఈ నాలుగూ ఉన్నచోటనే వాయువుల మార్పిడి జరుగుతుంది. మనిషికైనా, చేపకైనా సూత్రమొక్కటే.

బ్రతికిన చేప కదలుతూ పోయి గొంతులోని గల్లను తుడుస్తుందని కొందరు చెబుతారు. మనము చూచిన త్రోవను తలచుకోండి. చేప పోయేది వెనుకనున్న అన్నవాహికలోనికి. ఉబ్బసపు అడ్డు ఉన్నది ముందున్న గాలిత్రోవలో, అదీ దాని సన్నని కొమ్మలలో. ఈ మందు ఉబ్బసమును కుదుర్చుతుందని శాస్త్రీయ పరీక్షలలో నిరూపణ కాలేదు. ఉబ్బసము తనంతట తానే హెచ్చుతూ తగ్గుతూ ఉండే జబ్బు; తగ్గిన దినమునకు ముందు మనము చేసినదానికే ఆ మేలును అంటగట్టడము సహజము. నమ్మకముతో వెళ్లేవారిని నిందించడము నా ఉద్దేశము కాదు. కాని అక్కడికి వెళ్లినవారు కూడా వైద్యుడిచ్చిన పీల్చే మందును మానరాదు. అది బిగిసిన కండరమును సడలించేది ఒకటి, వాపును తగ్గించేది మరొకటి. కొద్ది మోతాదులో నేరుగా అడ్డు ఉన్న చోటికే చేరుతుంది. రెండవదానిని ప్రతిదినము వాడవలెను. బాగున్నదని మానివేసిన వారికే తరచు ప్రమాదము వస్తుంది.

ఇంటిలో చేయదగినవి కొన్ని ఉన్నవి. నేల ఊడ్చేముందు నీరు చల్లండి. వంటయింటి పొగకు దారి ఇవ్వండి. చెత్తను, ముఖ్యముగా ప్లాస్టిక్కును, వాకిట తగులబెట్టవద్దు. ఇంటిలో ఎవరైనా పోత కార్ఖానాకో రాతిపనికో పోతుంటే, దుమ్మును తడిపి పనిచేయిస్తున్నారా, తగిన ముసుగు ఇస్తున్నారా అని అడగండి. మెట్లు ఎక్కితే ఆయాసము వస్తున్నదని అతడు అంటే, వయసని సరిపుచ్చక వైద్యునికి చూపించండి. మచ్చ కట్టిన గోడను ఏ మందూ మరల పలుచన చేయలేదు. మచ్చ పడకుండా కాపాడుకొనడము మాత్రము మన చేతిలో ఉన్నది.