మాట యెవరి నోట నడుస్తుంది?



తొలకరి వానలు పడగానే వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెదికేవాళ్లను మీరు చూస్తూనే వున్నారు. యెవరికైనా రాయి దొరికిందనుకోండి. ఆ మాట రచ్చకట్ట మీద చెప్పరు, నమ్మిన మనిషి చెవిలోనే వేస్తారు. అదే వానకు "పదునైంది, గొర్రు కట్టండి" అనే మాట ఒక్క పూటలో వూరంతా పాకుతుంది. ఒక్కో మాటకు ఒక్కో దారి వున్నది. ఆ దారులను కాగితం మీద గీసి చూసే పద్ధతిని గురించి చెప్పుకుందాం.

1934లో మొరీనో అనే వైద్యుడు అమెరికాలో మనుషులను గుర్తులుగా, వారి సంబంధాలను గీతలుగా గీసి చూపాడు. 1943లో అక్కడి అయోవా రాష్ట్రంలో సంకర మొక్కజొన్న యెట్లా పాకిందో రయాన్, గ్రాస్ అనేవారు 259 మంది రైతులను అడిగి ప్రకటించారు. విత్తనం సంగతి మొదట చెప్పింది ఎక్కువగా విత్తనాలమ్మేవాడు. నమ్మకం కలిగించింది మాత్రం ఇరుగుపొరుగు రైతు.

మన సంగతి చూడండి. 1940లో వచ్చిన టి.ఎం.వి. 2 వేరుశనగనే మన ఎర్రనేలల్లో దశాబ్దాల తరబడి వేశాం. పటాన్‌చెరు ఇక్రిశాట్ వారి ఐ.సి.జి.వి. 91114 రకం 2006లో విడుదలైంది. రకం మంచిదైనా సెనిక్కాయ విత్తనం తొందరగా పాకదు. కొర్రలైతే కొంగున మూటగట్టి ఇచ్చినా యెకరాకు సరిపోతాయి. సెనిగ పప్పు 50–60 కిలోలు కావాలి. అంత అప్పు అడిగే చనువు లేని ఇంటికి రకం పేరు తెలిసినా విత్తనం చేరదు.

ఇక పద్ధతి వినండి. ఇంటింటికీ వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. "విత్తనం చాలకపోతే యెవరి దగ్గరికి పోతావన్నా? పైరుకు తెగులు తగిలితే యెవరితో చెప్పుకుంటావు? చేబదులు యెవరిస్తారు?" కాగితం మీద ఇంటికొక సున్న చుట్టి, అడిగే ఇంటి నుండి ఇచ్చే ఇంటికి బాణం గీయండి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో కాగితం వాడండి.

అప్పుడు మూడు సంగతులు తెలుస్తాయి. కొన్ని ఇళ్లకు బాణాలు గుంపుగా వస్తాయి. ఒకటి రెండు ఇళ్లు ఈ వీధినీ ఆ వీధినీ కలిపే వంతెనల వలె వుంటాయి. కొన్ని సున్నలకు ఒక్క గీతా వుండదు. ఆ ఇల్లు కౌలుదారుది కావచ్చు, ఒంటరిగా సేద్యం చేసుకునే అక్కది కావచ్చు. మనం పెద్దరైతు అరుగు మీద కూర్చుని చెప్పి వస్తే, మాట చేరనిది వీళ్లకే.

ఒక హెచ్చరిక. బాణం వున్నంత మాత్రాన నమ్మకం వున్నట్లు కాదు. విత్తనమిచ్చి పంట తనకే తోలాలనే వ్యాపారికీ బాణాలు చాలా వస్తాయి. అది బలవంతపు దారి. కాబట్టి "యెందుకు ఆయన దగ్గరికే?" అని కూడా అడగండి. ఇంకొకటి, ఈ కాగితం గోడకు తగిలించేది కాదు. యెవరు యెవరికి బాకీయో బయటపడితే వూరిలో తగువులు పుడతాయి. ఒప్పుకున్నవారినే అడగండి, పేర్లు దాచండి.

ఇంత తీరిక లేదంటారా? పొరుగున కర్ణాటక పల్లెల్లో బెనర్జీ, చంద్రశేఖర్, డఫ్లో, జాక్సన్ అనే పరిశోధకులు చిన్న అప్పుల సంగతి పరిశీలించి 2013లో ప్రకటించారు. మొదట మాట విన్నవారు ఈ వలకు నడిమిన వున్న వూళ్లలో ఎక్కువమంది చేరారు. తరువాత 2019లో మరొకటి చెప్పారు. "మాట వూరంతా పాకాలంటే యెవరికి చెప్పాలి?" అని అడిగితే వూరివాళ్లే సరైన మనుషులను చూపగలరట!

కాబట్టి విస్తరణ ఉద్యోగులారా, ఏరువాకకు ముందే ఆ ఒక్క ప్రశ్నా వీధి వీధికీ అడగండి. వారు చూపిన నలుగురికి మొదట చెప్పండి. గీత లేని ఇళ్లకు మాత్రం మీరే నడిచి వెళ్లండి. రైతు సోదరులారా, మీ పక్కచేను మనిషిని యెవరూ పలకరించకపోతే ఆ మొదటి గీత మీరే గీయండి. పదును రెండు రోజులే వుంటుంది, మాట ఆలస్యమైతే ఒక ఇంటి ఏడాది పోతుంది.