గౌరవం వేరు, భయం వేరు: న్యాయస్థానంలో మన నడవడిక

(న్యాయ అవగాహన సదస్సులో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



కొన్నేళ్ళ క్రితం ఒక మెకానిక్ కుర్రవాణ్ణి అరెస్టు చేసి మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరిచారు. "పోలీసుల మీద ఏమైనా ఫిర్యాదు ఉందా?" అని మేజిస్ట్రేటుగారు అడిగారు. అతడు చేతులు కట్టుకుని, తల వంచుకుని "లేదు సార్" అన్నాడు. ఆ మాటే రికార్డులోకి ఎక్కింది. తర్వాత జైలు ములాఖత్‌లో నాకు వీపు మీది వాతలు చూపించాడు. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. "జడ్జిగారి ముందు అలా మాట్లాడితే అమర్యాద అవుతుందేమో అనుకున్నాను వకీల్ సాబ్" అన్నాడు.

నేటి నా ప్రసంగానికి ఆ జవాబే మూలం. న్యాయస్థానాన్ని గౌరవించడం మన బాధ్యత. భయంతో మౌనం వహించడం గౌరవం కాదు. ఈ రెండింటి మధ్య తేడా తెలియక మన కుటుంబాలు చాలా నష్టపోతున్నాయి.

మొదట మర్యాదల సంగతి. న్యాయమూర్తి ప్రవేశించినప్పుడు లేచి నిలబడాలి, వారు ఆసీనులైన తర్వాతే కూర్చోవాలి. సెల్‌ఫోన్ పూర్తిగా ఆపివేయాలి, అనుమతి లేకుండా ఫొటోలు, రికార్డింగులు చేయరాదు. ఇతరుల కేసు నడుస్తుండగా గుసగుసలాడరాదు. ఎదుటి పక్షం వారు అబద్ధం చెబుతున్నారనిపించినా మధ్యలో అరవకండి, మీ న్యాయవాదికి చెప్పండి. న్యాయమూర్తిని బయట కలవడానికి, తెలిసినవారితో మాట చెప్పించడానికి ఎన్నడూ ప్రయత్నించకండి.

ఎలా సంబోధించాలని చాలామంది అడుగుతుంటారు. "మై లార్డ్" అనేది వలస పాలన మిగిల్చిన మాట. సుప్రీంకోర్టు, హైకోర్టులలో "యువర్ ఆనర్" లేదా "ఆనరబుల్ కోర్ట్" అనీ, కింది కోర్టులలో "సర్" అనీ సంబోధిస్తే చాలునని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లో నియమం చేసింది. "మై లార్డ్" అనడం తప్పనిసరి కాదనీ, హుందాగా సంబోధిస్తే చాలుననీ సుప్రీంకోర్టు కూడా 2014లో స్పష్టం చేసింది. మన జిల్లా కోర్టులో "అయ్యా", "అమ్మా", "సార్", "మేడమ్" అన్నా గౌరవమే. కాళ్ళ మీద పడనవసరం లేదు, నడుము వంచనవసరం లేదు. నిటారుగా నిలబడి, స్పష్టంగా మాట్లాడటమే ఉత్తమమైన మర్యాద.

గౌరవం ఆ ఆసనానికీ, అది నిలబెట్టే సమానత్వానికీ చెందుతుంది. హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ ఉబయ్ బిన్ కఅబ్ (రజి)ల మధ్య వివాదం వచ్చి, ఇద్దరూ తీర్పు కోసం హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) వద్దకు వెళ్ళారు. జైద్ ఖలీఫాకు ప్రత్యేక ఆసనం చూపబోగా, ఇది మీరు చేసిన మొదటి అన్యాయమని ఉమర్ అభ్యంతరం చెప్పి, ఉబయ్ పక్కనే కూర్చున్నారని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. మన రాజ్యాంగంలోని 14వ అధికరణం కూడా చట్టం ముందు అందరూ సమానులేనని చెబుతుంది.

ఇక మౌనం వీడవలసిన సందర్భాలు. అరెస్టయిన వ్యక్తిని, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలని 22వ అధికరణం నిర్దేశిస్తుంది. ఎప్పుడు పట్టుకెళ్ళారు, కొట్టారా, ఇంటివారికి తెలిపారా అన్నది ఆ క్షణంలోనే చెప్పాలి. "అయ్యా, నాదొక విన్నపం" అని మొదలుపెట్టండి. అది ధిక్కారం కాదు, మీ హక్కు.

సాక్షిగా బోనెక్కినప్పుడు అల్లాహ్ పేరిట ప్రమాణం చేయవచ్చు. ప్రమాణానికి బదులుగా సత్యమే చెబుతానని ధృవీకరించే వీలును కూడా 1969 నాటి ప్రమాణాల చట్టం కల్పిస్తోంది. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమనండి. తెలియనిదాన్ని తెలియదని చెప్పండి. మీ వాంగ్మూలం ఆంగ్లంలో నమోదైతే, మీకు తెలిసిన భాషలో వినిపించమని కోరి, సరిచూసుకున్నాకే సంతకం చేయండి.

వాయిదాకు రాకపోవడం అన్నిటికంటే పెద్ద అమర్యాద. దానివల్ల వారెంటు కూడా రావచ్చు. రాలేని పరిస్థితి ఉంటే ముందుగానే న్యాయవాది ద్వారా పిటిషన్ వేయించండి. శుక్రవారం జుమా వేళకు మీ కేసు పిలిచేలా ఉంటే, కాసేపు ఆపమని ముందే విన్నవించుకోండి. చెప్పకుండా వెళ్ళిపోకండి.

తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చినప్పుడే అసలు పరీక్ష. కోర్టు ఆవరణలో నినాదాలు చేయడం, న్యాయమూర్తికి దురుద్దేశాలు అంటగట్టడం మన కేసుకే హాని చేస్తాయి. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం కింద ఆరు నెలల వరకు సాధారణ జైలుశిక్ష పడవచ్చు. అయితే ముగిసిన కేసులోని తీర్పు గుణదోషాలపై న్యాయమైన విమర్శ ధిక్కారం కాదని అదే చట్టం చెబుతోంది. మన అసమ్మతికి అప్పీలు అనే గౌరవమైన దారి ఉంది.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు నిరాశ చెందవద్దు. మహిళలు, పిల్లలు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులని 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం చెబుతోంది. 15100 నంబరుకు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి.

ఈ రాత్రి మీ ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టుకుని ఒక్క విషయం నేర్పండి. న్యాయమూర్తి ముందు లేచి నిలబడాలి, గొంతు తగ్గించాలి, కానీ నిజాన్ని దాచకూడదు. ఆనాడు ఆ కుర్రవాడికి ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే, రికార్డులో మరో వాక్యం ఉండేది.