పోటీకి ముందు రాత్రి

నాంపల్లి ఆబ్కారీ భవన్ అనగానే 2017లో అక్కడ జరిగిన సినీ ప్రముఖుల డ్రగ్స్ విచారణ గుర్తొస్తుంది. దానికి కాస్త దూరంలోని ఎల్బీ స్టేడియంలో బంతి తన్నే కాలేజీ పిల్లలు మత్తు గురించి క్రీడల్లో ఉన్న ఒక నియమం తెలుసుకోవాలి. పోటీకి ముందురోజు రాత్రి 11:59 నుంచి గంజాయి నిషిద్ధం. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) పరీక్షలో మూత్రంలోని గంజాయి అవశేషానికి పరిమితి మిల్లీలీటరుకు 150 నానోగ్రాములు. గంజాయిలోని మత్తు పదార్థం ఒంట్లో కొవ్వులో దాగుతుంది. రోజూ తాగేవాళ్లలో వారాల తరబడి కనిపిస్తుంది. "పోయిన వారం కదా తాగింది" అన్న ధీమా పెట్టుకోకండి, నాయనా!

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అగ్రశ్రేణిలో 2024లో గంజాయిని నిషేధ జాబితా నుంచి తీసేశారు. మనకు మాత్రం 1985 నాటి మత్తు పదార్థాల చట్టం ఉంది, కేసూ పడవచ్చు. అయితే పోటీ బయట తాగానని, ఆట కోసం కాదని నిరూపిస్తే క్రీడా నిషేధం 3 నెలలే. చికిత్స పూర్తిచేస్తే నెలకు తగ్గవచ్చు. నాకు నచ్చింది ఈ చికిత్స దారే. కోచ్‌లూ, ఆ మాట పిల్లలకు ముందే చెప్పండి.