వృద్ధులకు సేవ చేసేవారికి అండ

మంచం పట్టిన తల్లిదండ్రులకో, మతిమరుపు వ్యాధి ముదిరిన అత్తమామలకో రాత్రింబవళ్లు సేవ చేసే కుటుంబ సభ్యులు, అందులోనూ స్త్రీలు, తమ అలసటను బయటికి చెప్పుకోవడమే తప్పని భావించడం వల్ల అందుబాటులో ఉన్న సాయం కూడా వారిదాకా చేరదు. ఎల్డర్‌లైన్ (వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సేవ) వృద్ధాశ్రమాలు, వైద్యం, పింఛను, చట్టపరమైన హక్కుల గురించి వివరిస్తుంది. పెద్దల తరఫున కుటుంబ సభ్యులూ అడగవచ్చు. దాని నంబరు 14567: ఒకటి, ఆపై నాలుగు, ఐదు, ఆరు, ఏడు. సేవ చేసేవారి మనసే కుంగినప్పుడు, నిద్ర కరవైనప్పుడు, టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు, 14416 నంబరుకు, పగలైనా రాత్రైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అలా సాయం అడగడం సేవలో లోపం ఎంతమాత్రం కాదు. ఈ రెండు నంబర్లనూ ఇంట్లో అందరికీ కనిపించేచోట రాసి ఉంచడం అవసరం.