మన కాలువ నీళ్ళు హంసలదీవి దాకా
(మహాజన సభలో సమాఖ్య అధ్యక్షురాలు మాట్లాడిన మాటలు)



పొదుపు, అప్పుల లెక్కలు కార్యదర్శి ఇప్పుడే చదివినారు. నేను వేరే సంగతి చెప్తాను. అజెండాలో సముద్రం కాలుష్యం అని చూసి మా వీధి అక్క ఒకామె నవ్వింది. "ఆదోనిలో సముద్రం యాడుందమ్మా, తాగే నీళ్ళకే తిప్పలు పడతాంటే" అనింది. నిజమే. కానీ ఒక్కసారి నీళ్ళ వెంబడి పోయి చూద్దాం.

మన పక్క వంకలు హంద్రిలో పడినా, వేరే దారిన పోయినా, చివరికి చేరేది తుంగభద్రకే. తుంగభద్ర కూడవెల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. శ్రీశైలం, సాగర్, బెజవాడ దాటి హంసలదీవి దగ్గర సముద్రంలో పడుతుంది. సుగ్గికి గుంటూరు పక్కకు పోతాం కదా, మిరపకాయలు తెంపేకి, పత్తి తీసేకి. అక్కడ మనం తాగేది కృష్ణ కాలువ నీళ్ళే. ఇక్కడ పారేసింది అక్కడ మనకే ఎదురొస్తుంది.

ఆ హంసలదీవి దివిసీమలో ఉంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆ పక్క పది వేల మందికి పైగా చనిపోయినారు. అలల జోరు తగ్గించేది మడ అడవి. చేప పిల్లలు, రొయ్యలు పెరిగేది కూడా దాని వేర్ల మధ్యనే. ఆ చెట్లు కొట్టేస్తే నేల ఎండి, పళ్ళెం మాదిరి కుంగుతుంది. పోటుకు వచ్చిన నీళ్ళు తిరిగి పోలేక నిలబడి, ఎండకు ఇగిరిపోయి ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పులో ఏ మొక్క నాటినా మాడిపోతుంది.

1990ల చివర్లో కృష్ణా, గోదావరి డెల్టాల్లో స్వామినాథన్ ఫౌండేషన్, అటవీ శాఖ, ఊరి జనం కలిసి దీనికి ఒక ఉపాయం చేసినారు. చేప ముల్లు మాదిరి, నడుమ ఒక పెద్ద కాలువ, దానికి ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వినారు. పోటుకు నీళ్ళు వచ్చి, పాటుకు తిరిగి పోతుంటే ఉప్పు కడుక్కొని పోయింది. ఆ తర్వాతే కాలువ వాలుల్లో మడ మొక్కలు నాటినారు. ముందు నీళ్ళ దారి, తర్వాత మొక్క. నాకు బాగా నచ్చింది ఈ వరస.

ఇంక మన సంగతి. మంత్రాలయం పోయి స్నానం చేసి, పాత చీర ఏట్లో వదిలి, షాంపూ ప్యాకెట్టు గట్టు మీద పారేసి వచ్చినదాన్ని నేనూ ఉన్నాను. ఎవరినో అనేకి నాకు నోరు లేదు. అది మానుకోవడం కష్టం కాదు. కష్టమైంది రంగు నీళ్ళు.

ఎమ్మిగనూరు 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సొసైటీతో పేరు తెచ్చుకున్న ఊరు. నూలుకు రంగులద్దే ఇండ్లు మన సంఘాల్లోనూ ఉన్నాయి. వాళ్ళకు అప్పులిచ్చింది మనమే. రంగు నీళ్ళు మురుగు కాలువలో వదలొద్దు అంటే ఆ ఇంట్లో పొయ్యి ఎట్ల వెలగాల? ఇంకుడు గుంత తవ్వుదామని పోయిన నెల మీటింగులో ఒకామె చెప్పింది. అది వానకు మంచిదే గానీ, రంగు నీళ్ళు గుంతలో పోస్తే భూమిలోకి దిగి మన బోరులోకే వస్తాయి. సున్నం, పటిక వేస్తే కొన్ని రంగులు అడుక్కు దిగుతాయి, కానీ కరిగిన ఉప్పు దిగదు. ఒక్కో ఇల్లు విడివిడిగా చేసుకునే పని కాదిది. అందరి నీళ్ళు ఒకచోట చేర్చి శుద్ధి చేసే తొట్టి కావాల. అది మున్సిపాలిటీ, చేనేత శాఖ కలిసి కట్టియ్యాల్సిందే.

అర్జీ రాసి పెట్టినాము. రంగులద్దే అక్కలు ముందు సంతకం చేస్తామన్నారు, వాళ్ళ మీద కేసులు పెట్టించే అర్జీ కాకుంటే చాలన్నారు. ఆ వాక్యం అర్జీలో చేర్చినాము. కాయితం ఇప్పుడు వరసలో వస్తుంది, చదివి, ఒప్పితేనే సంతకం పెట్టండి.