ప్రతి కడుపునొప్పీ గ్యాస్ కాదు

(సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి మాట్లాడే వేదిక మీద కడుపునొప్పి సంగతేంటని అనుకోవద్దు. మన అప్పుల్లో ఆస్పత్రి అప్పు కూడా చిన్నదేం కాదు.

పురుగు ఏదో చూడకుండా దుకాణదారు ఇచ్చిన మందు కొడితే ఏమవుతుందో మనకు తెలుసు. ఒంటి విషయంలో మాత్రం అదే తప్పు చేస్తున్నాం. రాత్రి తిన్నాక నొప్పి వస్తే గ్యాస్ బిళ్ళ వేసుకుంటాం. కాసేపటికి తగ్గితే బిళ్ళ పనిచేసిందనుకుంటాం. అది పిత్తాశయంలో రాళ్ల నొప్పి అయితే, అడ్డుపడిన రాయి పక్కకు జరిగింది కాబట్టి తగ్గింది. మళ్లీ వస్తుంది.

డాక్టరు ముందు నొప్పి గురించే అడుగుతారు. కుడి పక్కటెముకల కిందా, రొమ్ము కింద మధ్యలోనా? వీపుకో కుడి భుజానికో పాకిందా? నూనె తిండి తిన్నాక వచ్చిందా? ఎంతసేపు ఉంది? ఇవి గుర్తుపెట్టుకుని చెప్పాలి. తర్వాత కుడి పక్కటెముకల కింద నొక్కి ఊపిరి పీల్చమంటారు. నొప్పితో ఊపిరి మధ్యలో ఆగిపోతే పిత్తాశయం వాచిందేమోనని అనుమానిస్తారు.

ఆ అనుమానం తేల్చేది అల్ట్రాసౌండ్ స్కానింగ్. దానికి 6 నుంచి 8 గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. తింటే పిత్తాశయం ముడుచుకుపోయి రాళ్లు సరిగా కనబడవు. తెర మీద రాయి తెల్లగా, వెనక నల్లటి నీడతో కనిపిస్తుంది. మనం పక్కకు తిరిగితే అదీ కదులుతుంది. మామూలు ఎక్స్‌రేలో చాలా రాళ్లు కనబడవు. ఎక్స్‌రే బాగుందని ఊరుకోకూడదు.

వాపు, కామెర్లు ఉన్నాయేమో తెలుసుకోవడానికి రక్తపరీక్ష చేస్తారు. రాయి పైత్యరసం గొట్టంలోకి జారిందని అనుమానం వస్తే ఎమ్మార్‌సీపీ స్కానింగ్ రాస్తారు. గుండెపోటు కూడా కడుపు పైభాగంలో నొప్పిగా రావచ్చు. అందుకే ఈసీజీ తీస్తామంటే వద్దనకండి.

ఇంకో మాట. వేరే పనికి తీసిన స్కానింగులో రాయి కనబడినా, నొప్పి లేకపోతే చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. ‘నా నొప్పి ఈ రాయి వల్లేనా?’ అని అడగడం మన హక్కు. కానీ చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, నొప్పి గంటల తరబడి తగ్గకపోయినా కోతలు అయ్యాక వెళదామని ఆగవద్దు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

మన దగ్గరి సర్కారు ఆస్పత్రిలో స్కానింగ్ యంత్రం, దాన్ని చూసే డాక్టరు రెండూ ఉండాలి. ఎరువుల కోసం అడిగినట్టే దీనికీ గట్టిగా అడుగుదాం.